ఐదో తరగతి పేజీలో తాబేలు గుడ్లు

ఒదీలియా టీచరు ఈమధ్య బడి నుంచి ఇంటికి చేపల రేవు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తోంది. మా వీధిలోంచి వెళ్తే ఎంతో దూరం లేదు. ఎందుకమ్మా ఆ తిప్పలు అని అడిగితే, గాలి కోసం అంటుంది. మా సాన్ మిగేల్ పేటలో గాలి కోసం ఎవరూ తిరగరు. గాలే మనుషుల్ని తిప్పుతుంది. నవంబరు వచ్చిందంటే లారీలనే బోర్లా పడేస్తుంది. కాబట్టి నేను ఆ మాట నమ్మలేదు. అసలు సంగతి నాకు తెలుసు. ఈ పేటలో నాకు తెలియని సంగతంటూ ఉంటే అది ఇంకా జరగనిదై ఉండాలి.

ఒదీలియా మా ఎదురింటి పిల్ల. వాళ్ళమ్మ తోతోపోలు కాల్చి అమ్మేది. నేలలో పాతిన కుండ పొయ్యి లోపలి గోడకి ఆ మొక్కజొన్న రొట్టె అంటించాలంటే భుజం దాకా చెయ్యి దూర్చాలి. ఆవిడ చేతి మీద వెంట్రుక అన్నది మిగల్లేదు. కూతుర్ని మాత్రం పొయ్యి దరిదాపులకి రానిచ్చేది కాదు. "కాలడానికి నేను చాలు, నువ్వు పోయి చదువుకో" అనేది.

పిల్ల చదివింది. కానీ బళ్ళో వేసిన మొదటి ఏడాది దానికి ఇంట్లో మేం మాట్లాడుకునే జపొతెక్ తప్ప స్పానిష్ రాదు. అప్పటి పంతులు మన మాట మాట్లాడితే తలుపు దగ్గర నిలబెట్టేవాడు. ఆ ఏడాదంతా ఒదీలియా తలుపు దగ్గరే ఉంది, నోరు మాత్రం తెరవలేదు. నాకు నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది గానీ, నోరు మూసుకుని కూర్చునే పిల్ల ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు వాళ్ళమ్మ మొహంలో చూశాను.

అదే పిల్ల పెద్దదై, టీచరై, అదే బడికి వచ్చింది. వచ్చిన కొన్నేళ్ళకి భూకంపం వచ్చి బడి కూలిపోతే రేకుల గదులు వేశారు. పుస్తకాలు వచ్చాయి. వాటిలో రైలుబళ్ళు, మంచు కొండలు. కంప్యూటర్లు వస్తాయన్నారు, రాలేదు. కానీ ఇంటికొక ఫోను ఉంది. చిన్న రీచార్జి చేయించుకుంటే చాలు, అందరూ ఫొటోలు పెట్టుకునే ఆ పేజీలు ఉచితంగా తెరుచుకుంటాయి. ఇంకేది ముట్టుకున్నా బాలెన్స్ కరిగిపోతుంది.

"ఉచితంగా తెరుచుకునే తలుపు అదొక్కటే పెద్దమ్మా. నేను అందులోంచే లోపలికి వెళ్తాను" అంది ఒదీలియా.

ఐదో తరగతి పేరుతో ఒక పేజీ పెట్టింది. వారానికొక పిల్లో పిల్లాడో తన ఇంట్లో చేసే పని ఏదైనా ఒకటి ఫోనులో తీసి, మాటలతో చెప్పి, అందులో పెట్టాలి. వల ముడి వేయడం ఒకరు, రొయ్యలు ఎండబెట్టడం ఒకరు. దాన్ని క్లాసులో అందరూ చూస్తారు. మన మాటలోనూ స్పానిష్‌లోనూ రాస్తారు. ఎన్ని రొయ్యలకి ఎంత ఉప్పు అని లెక్కలు కడతారు. ఇంటి దగ్గర తాతలు, అమ్మమ్మలు చూసి కింద ఏదైనా రాస్తే మర్నాడు అది కూడా పాఠమే. పేజీకి తాళం వెయ్యమని హెడ్మాస్టరు ఎవరిస్తో గారు ఒకసారి అన్నాడు. "తాళం వేస్తే తీసుకుని రావడం ముసలివాళ్ళకి తెలీదు సార్, వాళ్ళు రాకపోతే ఈ పేజీ ఎందుకు?" అంది. ఆయన కూడా సరే అన్నాడు. ఆయన తల్లి వయసు డెబ్బై, ఆవిడా రోజూ చూసేది మరి.

బడికి మొక్కజొన్న జావ పోసేది నేనే కాబట్టి కిటికీ దగ్గర నిలబడే హక్కు నాకుంది. ఆ క్లాసు నేను చాలాసార్లు చూశాను.

ఇక యురీదియా. మా గోడవతల ఎర్మెలిందా ఇల్లు. యురీదియా ఆవిడ మనవరాలు. తల్లి లేదు, అమ్మమ్మే పెంచింది. ఇంట్లో ఉంటే పొద్దుణ్నించీ గలగల. కోడితో మాట్లాడుతుంది, పొయ్యితో మాట్లాడుతుంది, ఎవరూ దొరక్కపోతే నాతో మాట్లాడుతుంది. బళ్ళో మాత్రం మూగ. మూడో తరగతిలో అది స్పానిష్‌లో ఏదో తప్పు పలికితే క్లాసంతా నవ్విందట. ఆ నవ్వు దాని గొంతుకి అడ్డం పడిపోయింది.

ఒకరోజు ఒదీలియా మా గుమ్మం దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, గోడవతల అంత మాట్లాడేది యురీదియానేనా?"

"కాకపోతే నేనా?"

"నా క్లాసులో ఒక్క మాట మాట్లాడదు."

"నీ క్లాసులో పొయ్యి లేదు కదే. కోడీ లేదు."

అది నవ్వలేదు. గోడవైపే చూస్తూ నిలబడింది. "ఆరో తరగతికి వెళ్ళేలోపు దాని గొంతు నా క్లాసులో వినాలి పెద్దమ్మా. ఈ ఏడాదికి నాకింకేం అక్కర్లేదు" అంది.

సెప్టెంబరు నెలాఖర్లో మా సాన్ మిగేల్ పండగ. దానికి రెండు వారాల ముందు హోంవర్కు, పండగకి మీ ఇంట్లో ఏం వండుతారో నేర్పించండి అని. యురీదియా వంతు.

వీడియో నేనూ చూశాను. ముందు ఎర్మెలిందా చేతులు కనపడతాయి. బుట్ట మీద గుడ్డ తీస్తుంది. లోపల తాబేలు గుడ్లు, తెల్లగా, గుండ్రంగా, తోలు బంతుల్లా. యురీదియా వెనకనించి చెబుతుంటుంది, మన మాటలో, ఊపిరి తీసుకోకుండా. "వీటిని ఉప్పు నీళ్ళలో ఉడకేస్తాం. తెల్లసొన గడ్డకట్టదు, కంగారుపడకండి. గట్టిపడేదాకా ఆగుతామంటే పండగ వెళ్ళిపోతుంది అంటుంది మా అమ్మమ్మ. తొక్కకి చిన్న చిల్లు పెట్టి, నిమ్మకాయ పిండి, కారం వేసి, ఒక్క పీల్పు. చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే మళ్ళీ తినాలి."

క్లాసులో అది చూపించిన రోజు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. పిల్లలు నవ్వారు, కానీ ఈ నవ్వు వేరు. లెయోన్సియో అనే కుర్రాడు, "ఎంతసేపు ఉడకాలే?" అనడిగాడు. క్లాసంతా ఆగింది. అప్పుడు యురీదియా కూర్చున్నచోటు నుంచే, "నీళ్ళు రెండోసారి పొంగేదాకా" అంది.

అంతే. ఒదీలియా బోర్డువైపు తిరిగి తుడవడం మొదలుపెట్టింది. బోర్డు మీద ఏమీ రాసి లేదు.

తాబేలు గుడ్లు అమ్మకూడదని చట్టం ఉన్న సంగతి మాకు తెలియక కాదు. నా పిల్లలకి పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఉంది. మా అమ్మలూ అమ్మమ్మలూ తిన్నారు, మేమూ తింటున్నాం. సంతలో బుట్ట మీద గుడ్డ కప్పుకుని కూర్చోవడం అలవాటు. కొనేవాడు అడక్కుండా చెయ్యి కిందకి పెడతాడు, పోలీసు అటు తిరిగి టోపీ సర్దుకుంటాడు. గుడ్డ ఉన్నంతసేపు మర్యాద ఉన్నట్టే. వీడియోలో ఆ గుడ్డ తీసేసి ఉందని పేట మొత్తం మీద ఒక్కరికీ తట్టలేదు. ఒదీలియాకి తట్టలేదు, హెడ్మాస్టరుకి తట్టలేదు. మేం చూసింది యురీదియాని.

ఇంకా చెప్పాలంటే మేం చూసింది ఉప్పుని. చేపల ఫాకుందో, డెబ్బై ఏళ్ళ మనిషి, కింద ఇలా రాశాడు: "ఉప్పు ముందే వేస్తే తొక్క బిగుస్తుంది. ఎవరే మీకు నేర్పింది?" ఎర్మెలిందా ఊరుకుంటుందా? చదువు రాకపోయినా యురీదియా చేత రాయించింది: "పోయిన పండక్కి మా ఇంట్లో మూతి కూడా తుడుచుకోకుండా తిని లేచావు. అప్పుడు తొక్క సంగతి గుర్తు రాలేదా?" అంతే, పేట రెండు ముక్కలైంది. ఉప్పు ముందని కొందరు, తర్వాతని కొందరు. నిమ్మకాయ గురించి నేనూ రాశాను. ఒకామె ఫాకుందో పెళ్ళాం వంట గురించి రాసింది, అది మళ్ళీ వేరే గొడవ.

ఒదీలియా ఫోను పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, పక్క ఊళ్ళ వాళ్ళు కూడా చూస్తున్నారు. జనం ఎక్కడ వాదించుకుంటే దాన్ని ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది ఇది."

"జగడం ఉన్నచోటే జనం చేరతారని ఫోనుకి కూడా తెలిసిపోయిందన్నమాట" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పుడే ఎవరో కొత్త మనిషి, మా పేట పేరు కూడా ఎన్నడూ విననివాడు, మర్యాదగా ఒక ప్రశ్న రాశాడు స్పానిష్‌లో: "ఇవి ఏ గుడ్లు? ఎక్కడ దొరుకుతాయి?" యురీదియా దానికి తనే జవాబు రాసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ దిద్దలేదు. "ఇవి సముద్రపు తాబేలు గుడ్లు. మా అమ్మమ్మ ఎర్మెలిందా మా సంతలో, చర్చి వైపు వరసలో అమ్ముతుంది. పండక్కి రండి." స్పానిష్‌లో ఒక్క తప్పు లేదు. ఒదీలియా ఆ వాక్యాన్ని మర్నాడు బోర్డు మీద రాసి క్లాసు చేత చదివించింది.

మూడు రోజులు పోయాక తిట్లు మొదలయ్యాయి. ఎక్కడెక్కడివాళ్ళో. హంతకులన్నారు, అడవి మనుషులన్నారు. ఒదీలియా చూసిన వెంటనే వీడియో తీసేసింది. కానీ రాజధానిలో జంతువుల్ని కాపాడే సంఘం ఒకటి అప్పటికే దాన్ని తమ పేజీలో పెట్టుకుంది, యురీదియా రాసిన వాక్యంతో సహా. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పెదవి పదేళ్ళ పిల్లది.

"తీసేశాను కదా పెద్దమ్మా, ఇంకా ఎలా ఉంటుంది?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది నన్ను. నాకేం తెలుసు? ఎర్మెలిందాకి చెప్పాం, ఈ పండక్కి బుట్ట తీసుకెళ్ళకు అని. "పండక్కి కాకపోతే క్రిస్మస్‌కి తీసుకెళ్ళనా? ఏళ్ళ తరబడి కూర్చుంటున్నాను అక్కడ. ఫోనులో ఎవడో అరిస్తే లేచిపోతానా?" అంది.

పండగ ముందురోజు సంతలోకి యూనిఫారాల వాళ్ళు వచ్చారు. మా ఊరివాళ్ళు కాదు. నేను పూల దగ్గర ఉన్నాను. నేరుగా చర్చి వైపు వరసకి వెళ్ళారు, ఎవరినీ దారి అడగలేదు.

"గుడ్డ తియ్యండమ్మా" అన్నాడు వాళ్ళలో కుర్రాడు.

"కొంటావా?"

"లేదమ్మా."

"కొననివాడి కోసం గుడ్డెందుకు తియ్యాలి నాయనా?"

ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. జేబులోంచి ఫోను తీసి వీడియో చూపించాడు. ఎర్మెలిందా కళ్ళు చికిలించి చూసింది. మొహమంతా విచ్చుకుంది. "అది నా మనవరాలు" అంది. "ఎంత బాగా చెప్పిందో విన్నావా?"

ఆవిడని బుట్టతో సహా బండి ఎక్కించారు. ఆడవాళ్ళం అందరం బండికి అడ్డం నిలబడ్డాం. బండి వెనక్కి తిరిగి ఇంకో దారిన వెళ్ళిపోయింది. అడ్డం నిలబడ్డానికి మేం ఒక దారికే సరిపోయాం.

మర్నాడు ఒదీలియా, నేను బస్సెక్కి నగరానికి వెళ్ళాం. పట్టుకెళ్ళినవాళ్ళ ఆఫీసులో గాజు కిటికీ వెనక ఒకావిడ కూర్చుంది, ఒదీలియా వయసే ఉంటుంది.

"ఆ వీడియో నేనిచ్చిన హోంవర్కండీ. నేను చెయ్యమంటేనే చేశారు. తప్పు నాది, రాసుకోండి" అంది ఒదీలియా.

"హోంవర్కు ఇచ్చినందుకు చట్టంలో శిక్ష లేదండి టీచరుగారూ. గుడ్లు అమ్మినందుకు ఉంది."

"ఆవిడ బదులు నన్ను ఉంచుకోండి."

"అలా మార్చుకోవడానికి కుదరదండి" అంది ఆవిడ. మంచినీళ్ళిచ్చింది. నేను అడగాల్సినవన్నీ అడిగాను, ఆవిడ చెప్పాల్సినవన్నీ చెప్పింది. ఏ ప్రశ్నకీ తలుపు తెరుచుకోలేదు.

ఇంటికొచ్చి ఒదీలియా ఆ సంఘానికి రాసింది. నేను ఆ పిల్ల టీచర్ని, అందులో చిన్నపిల్ల గొంతు ఉంది, వాళ్ళ అమ్మమ్మ పేరు ఉంది, దయచేసి తీసేయండి అని. బతిమాలి రాసింది, నాకు చదివి వినిపించింది కూడా. రెండో రోజుకి వాళ్ళ పేజీలో జవాబు వచ్చింది, అందరూ చూసేట్టు. బడి వార్షికోత్సవంలో తీసిన ఒదీలియా ఫొటో పెట్టి, కింద ఇలా: "ఇలాంటి ధైర్యంగల టీచర్ల వల్లే నేరాలు వెలుగులోకి వస్తున్నాయి. ఒదీలియా టీచరుకి కృతజ్ఞతలు." వాళ్ళు ఆ ఉత్తరం సరిగ్గా చదవలేదో, చదివి తమకి కావలసినట్టు అర్థం చేసుకున్నారో, ఈరోజుకీ నాకు తెలీదు. నాకు తెలియనిది అదొక్కటే.

సాయంత్రానికి పేటంతా అది చదివింది. ఫాకుందో నా గుమ్మం ముందే అన్నాడు: "నేను ఉప్పు గురించి రాశాను బ్రౌలియా. నా చేత కూడా మాట్లాడించి వల వేసిందా ఆ పిల్ల?"

"నోరు ముయ్యి, దాన్ని చిన్నప్పటినుంచి ఎరగవూ?"

"ఎరగననే అనుకుంటున్నా."

యురీదియా కూడా చదివింది. బాగా చదవడం వచ్చేసింది కదా దానికి, ఒదీలియా పుణ్యాన.

ఒదీలియా ఆ ఫొటో కింద రాయడం మొదలుపెట్టింది. నేను ఫిర్యాదు చేయలేదు, అది పాఠం, మీరు పొరబడ్డారు అని. ఎవడో ఏదో అంటాడు, ఇది మళ్ళీ జవాబు రాస్తుంది. నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను.

"రాయకే తల్లీ. నువ్వు రాసినకొద్దీ అది పైకి లేస్తోంది. నిప్పు మీద ఊదినట్టుంది."

"రాయకపోతే నిజమనుకుంటారు పెద్దమ్మా."

"రాస్తే ఇంకా ఎక్కువమంది అనుకుంటున్నారు కదే. ఉప్పు గొడవప్పుడు నువ్వే చెప్పావు."

అప్పుడు ఆగింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, తీసుకోనూ లేదు, పక్కన పెట్టనూ లేదు.

తల్లిదండ్రుల మీటింగులో హెడ్మాస్టరు పేజీ మూసేశామన్నాడు, ఇక బళ్ళోకి ఫోన్లు రావన్నాడు. ఒదీలియా లేచి జరిగిందంతా మొదట్నుంచీ చెప్పింది. ఎవరైనా అడిగితే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మా పేటలో జనం ప్రశ్న వెయ్యలేదంటే అప్పటికే తీర్పు అయిపోయిందని అర్థం. టీచర్ని తీసెయ్యమని కూడా ఎవరూ అడగలేదు. పిల్లల్ని పంపిస్తున్నారు, జావకి డబ్బులిస్తున్నారు, ఒదీలియాకి నమస్కారం మాత్రం పెట్టడం లేదు.

నవంబరు మొదట్లో వచ్చే చనిపోయినవాళ్ళ పండగ నాటికి ఎర్మెలిందాని వదిలారు. కేసు ఉంది. నెలనెలా నగరానికి వెళ్ళి వేలిముద్ర వెయ్యాలి. చిక్కిపోయి వచ్చింది, నోరు మాత్రం చిక్కలేదు. "ఆ పిల్ల నన్ను పట్టించిందని ఎవరే అన్నది? పట్టించే రకమైతే వాళ్ళమ్మ నాతోపాటు పొయ్యి దగ్గర కూర్చునేదా అన్నేళ్ళు?" అని సంతలో ప్రతి వరసకీ వెళ్ళి చెప్పింది. విన్నారు. అవునవునన్నారు. ఆవిడ మాట మంచితనం కింద జమకట్టుకున్నారు, ఫోనులో రాసింది నిజం కింద.

ఆ ఆదివారం మనవరాల్ని చెయ్యి పట్టుకుని ఒదీలియా వాకిట్లోకి తీసుకొచ్చింది. నేనూ వెళ్ళాను, పిలవకపోయినా.

"చెప్పవే. టీచరు కాదని నేను చెప్పాను కదా నీకు. మాట్లాడు" అంది ఎర్మెలిందా.

ఒదీలియా నేల మీద కూర్చుంది, పిల్ల మొహానికి సరిగ్గా ఎదురుగా. మన మాటలో అంది: "నీ తప్పేం లేదమ్మా. నువ్వు చాలా బాగా చెప్పావు."

 యురీదియా స్పానిష్‌లో అడిగింది. తప్పు లేకుండా, క్లాసులో నేర్పినట్టే పూర్తి వాక్యంలో.

"అయితే వాళ్ళు మీకెందుకు కృతజ్ఞతలు చెప్పారు?"

ఒదీలియా చెప్పింది. ఉత్తరం రాయడం, వాళ్ళు తిప్పి రాయడం, అన్నీ. చెబుతున్నకొద్దీ అది పాఠంలా అయిపోయింది. యురీదియా పాఠం వింటున్నట్టే వింది, తల ఊపింది, అమ్మమ్మ కొంగు పట్టుకుని వెళ్ళిపోయింది. క్లాసులో ఆ తర్వాత దాని గొంతు ఎవరూ వినలేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతుంది.

ఇంట్లో మాత్రం మెల్లగా మాటలు తిరిగొచ్చాయి. ఎర్మెలిందా ఇప్పుడు తోతోపోలు మాత్రమే కాలుస్తోంది. పొయ్యి దగ్గర ఆ పిల్ల మళ్ళీ గలగల. కానీ మా వీధిలో ఒదీలియా చెప్పుల చప్పుడు వినపడిందంటే ఠక్కున ఆగిపోతుంది. ఒదీలియా రెండుమూడుసార్లు గమనించింది. మొదటిసారి నడక తగ్గించింది. తర్వాత ఆ వీధే మానేసింది. అదీ గాలి కథ.

నిన్న పొద్దువాలేవేళకి మా వెనక దొడ్డి తలుపు తెరుచుకుంది. ఒదీలియా. చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. నేను నోరు తెరవబోతే వేలు పెదవి మీద పెట్టుకుంది. వచ్చి నా వల ఊయలలో, గోడ పక్కనే, చప్పుడు కాకుండా కూర్చుంది.

గోడవతల యురీదియా అమ్మమ్మకి భిన్నాలు నేర్పుతోంది. "ఇది ఒక తోతోపో. దీన్ని నాలుగు చేశాం. మూడు ఫాకుందో తాత తినేశాడు. ఎంత మిగిలింది? కాదు అమ్మమ్మా, ఆకలి మిగల్లేదు, నాలుగోవంతు మిగిలింది." ఆ రోజు పొద్దున కిటికీ దగ్గర నేను విన్న పాఠమే. బోర్డు మీద ఒదీలియా గీసింది రొట్టె. ఫాకుందోని మాత్రం ఇది కలుపుకుంది.

ఒదీలియా కళ్ళు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి, పిల్లతో పాటు తనూ చెబుతున్నట్టు.

"బాగుందే, ఎవరు చెప్పారే ఇది నీకు?" అంది ఎర్మెలిందా అవతల.

యురీదియా పొయ్యిలో కట్టె ఎగదోసిన చప్పుడైంది.

"బళ్ళో చెప్పారు" అంది.

ఊయల ఆగిపోయింది. ఇంకేమైనా అంటుందేమోనని ఇద్దరం గోడవైపు చూస్తూ ఉన్నాం. అప్పుడు ఉత్తరం గాలి లేచింది, రేకులు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అవతల ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉంది పిల్ల. ఇవతలికి వినపడలేదు.